కలపడం సులువే, విడదీయడమే పని: ఇయర్‌బడ్స్‌తో నా అనుభవం

వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌ని ఫోనుకు కలపడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. డబ్బీ మూత తీసి ఫోను పక్కన పెట్టాను. తెర మీద బడ్స్ బొమ్మ వచ్చింది, ‘కనెక్ట్’ నొక్కాను, అయిపోయింది. ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ ఇచ్చిన ఫాస్ట్ పెయిర్ చేసే పని అది. బ్లూటూత్, లొకేషన్ రెండూ ఆన్‌లో ఉంటే దగ్గర్లో ఉన్న కొత్త బడ్స్‌ని ఫోనే పసిగడుతుంది. ఆ సౌకర్యం లేని బడ్స్ అయితే బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ‘పెయిర్ న్యూ డివైస్’ నొక్కాలి, అంతే. చిక్కు రెండో పరికరం దగ్గర మొదలై, మూడోదాని దగ్గర ముదురుతుంది. మా ఇంట్లో ఐదో పరికరం దాకా వెళ్లింది.

మాది అనంతపురం, సాయినగర్. నేను బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. పాప ఇంటర్ సెకండియర్. ఈఏపీసెట్ కోసం పాత డెస్క్‌టాప్‌లో వీడియో పాఠాలు వింటుంది. అమ్మకు సాయంత్రమైతే సీరియళ్లు, నాయనకు పొద్దున్నే రేడియో. అందరికీ ఉన్నది ఒకటే హాలు. నా మీటింగుల కోసమని బడ్స్ తెచ్చుకుంటే, వాటి మీద ఇంటిల్లిపాదికీ కన్ను పడింది. అంత డబ్బు పోసిన వస్తువు నా ఒక్కడి చెవుల్లోనే ఎందుకుండాలన్నది అమ్మ లెక్క. డబ్బాలో మూడు సైజుల సిలికాన్ టిప్పులు ఇచ్చారు కాబట్టి సరిపోయింది. ఎవరి టిప్పులు వాళ్లవి, వాడేటప్పుడు మార్చుకోవాలి అని పాప రూలు పెట్టింది. ఇంట్లో పంచుకునేవాళ్లెవరైనా ఈ రూలు పెట్టుకోవడం మంచిది.

ఫోను తర్వాత ల్యాప్‌టాప్ వంతు. ఆఫీసువాళ్లు ఇచ్చింది, విండోస్ 10. సెట్టింగ్స్‌లో డివైసెస్, అందులో ‘యాడ్ బ్లూటూత్’ నొక్కి కూర్చుంటే పక్కింటివాళ్ల టీవీ కనపడింది, ఎవరిదో ఫోను కనపడింది, చేతిలో ఉన్న బడ్స్ మాత్రం కనపడలేదు. కారణం చిన్నదే. మూత తీయగానే బడ్స్ పరిగెత్తుకుంటూ ఫోనుకే వెళ్లిపోతున్నాయి. ఒకదానికి అతుక్కుని ఉన్నప్పుడు అవి మరొకదానికి తమ ఉనికి చాటుకోవు. ముందు ఫోనులో బ్లూటూత్ ఆపేయాలి. ఆ తర్వాత బడ్స్‌ని డబ్బీలోనే ఉంచి, మూత తెరిచి, వెనక ఉన్న బొత్తాన్ని తెల్ల లైటు టపటపా కొట్టుకునేదాకా అదిమి పట్టాలి. కొన్ని కంపెనీల వాటికి బొత్తం ఉండదు, రెండు బడ్స్‌నీ ఒకేసారి వేళ్లతో నొక్కి పట్టుకోవాలి. ఆ లైటు కొట్టుకుంటున్నప్పుడే అవి కొత్తవాళ్లకు తలుపు తీస్తాయి. ల్యాప్‌టాప్ జాబితాలోకి వెంటనే వచ్చేశాయి.

కలిసిన ఆనందం మరుసటి మీటింగు దాకానే. అప్పటిదాకా పాట బ్రహ్మాండంగా వినిపించిన బడ్స్, మీటింగులో చేరగానే అవతలివాళ్లు బావిలోంచి మాట్లాడుతున్నట్టు వినిపించడం మొదలెట్టాయి. బడ్స్ పాడయ్యాయేమో అనుకుంటారు చాలామంది. ఆఫీసులో నాకు తెలిసిన ఒకతను ఇదే కారణంతో రెండు జతలు వాపసు పంపాడు కూడా. బడ్స్ తప్పేమీ లేదు. బ్లూటూత్‌లో ధ్వనికి రెండు దారులున్నాయి. పాటలు నడిచే దారి ఏ2డీపీ. అది ఒకవైపే పోతుంది, స్టీరియో, నాణ్యత బాగుంటుంది. ఫోను మాటలు నడిచే దారి హెచ్‌ఎఫ్‌పీ, అంటే హ్యాండ్స్-ఫ్రీ. ఇందులో మాట రెండు వైపులా వెళ్లాలి కాబట్టి నాణ్యత తగ్గించి, మోనోలో, సెకనుకు 8 వేలో 16 వేలో నమూనాలతో (అంటే ధ్వనిని సెకనులో అన్నిసార్లు కొలిచి) సరిపెడతారు. పాటల సీడీలో ఆ సంఖ్య 44,100 అని గుర్తుచేసుకుంటే తేడా ఎంతో తెలుస్తుంది. బడ్స్ మైకుని మీటింగు యాప్ తెరిచిన క్షణమే విండోస్ మొదటి దారి వదిలేసి రెండో దారికి మళ్లుతుంది.

అందుకే విండోస్ 10లో సౌండ్ జాబితా తెరిస్తే ఒకే బడ్స్ రెండు పేర్లతో కనపడతాయి. ఒకటి ‘హెడ్‌ఫోన్స్ స్టీరియో’, ఇంకోటి ‘హెడ్‌సెట్ హ్యాండ్స్-ఫ్రీ’. మీటింగు యాప్ సెట్టింగ్స్‌లో స్పీకరుగా స్టీరియోని, మైకుగా ల్యాప్‌టాప్‌ సొంత మైకుని ఎంచుకుంటే గొంతులు మళ్లీ శుభ్రంగా వినపడతాయి. దీనికో మూల్యం ఉంది. ల్యాప్‌టాప్ మైకు హాలు మొత్తాన్నీ వింటుంది. మా ఇంటి కుక్కరు ఎన్ని విజిల్స్ వేసిందో మా టీముకు నా కంటే బాగా తెలుసు. కాబట్టి మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక ల్యాప్‌టాప్ మైకు, పొద్దున పూట వంటవేళ బడ్స్ మైకు. వినపడే నాణ్యత కొంచెం తగ్గినా నష్టం లేదు, అవతలివాళ్లకు మన ఇల్లు వినపడకపోతే అదే చాలు.

పాప డెస్క్‌టాప్‌కు అసలు బ్లూటూతే లేదు. కమలానగర్‌లో ఒక కంప్యూటర్ షాపుకు వెళ్లి అడిగితే గోరంత యూఎస్‌బీ డాంగిల్ తీసి చేతిలో పెట్టాడు. “దీన్ని గుచ్చితే చాలన్నా, అదే పట్టుకుంటాది” అన్నాడు. పట్టుకుంది కూడా. కానీ పాఠం మధ్యలో మాట తెగిపోతోంది. రెండు వాక్యాలు వినపడటం, గరగరమని మాయమవడం, మళ్లీ రావడం. డాంగిల్ నాసిరకమని తీర్మానించే ముందు ఎక్కడ గుచ్చామో చూశాను. కేబినెట్ ముందువైపు, నీలం రంగు పోర్టులో ఉంది. పక్కనే పాఠాలన్నీ దాచుకున్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్.

నీలం పోర్టంటే యూఎస్‌బీ 3.0. అది వేగంగా పని చేస్తున్నప్పుడు దాని వైర్ల నుంచి, కనెక్టర్ల నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పడుతుంది. బ్లూటూత్ ఉండేదీ అక్కడే. 2012లో ఇంటెల్ కంపెనీయే దీని మీద ఒక పత్రం విడుదల చేసింది. మామూలుగా వై-ఫై లాంటివి అడ్డొస్తే బ్లూటూత్ తప్పించుకోగలదు. 79 చానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు దూకుతూ, రద్దీగా ఉన్నవాటిని వదిలేస్తూ పోతుంది. యూఎస్‌బీ రొద అలా ఒక మూలకు పరిమితం కాదు, ఆ మేరంతా పరుచుకుంటుంది. ఇక ఎక్కడికని దూకుతుంది? నల్ల పోర్టులు, అంటే యూఎస్‌బీ 2.0వి, కేబినెట్ వెనకాల ఉన్నాయి. అక్కడ పెడితే రేకు డబ్బా అడ్డం. చివరికి వెనక పోర్టుకు మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తగిలించి, డాంగిల్‌ని టేబుల్ మీదికి, మానిటర్ పక్కకు తెచ్చాను. మాట తెగడం ఆగిపోయింది. డాంగిల్ కొనేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే: ఆ వైరు కూడా అప్పుడే కొనేయండి.

ఇలా ఫోను, ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్ మూడూ కలిశాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. కష్టాలు మూడూ ఒకేసారి ఆన్‌లో ఉన్న పొద్దున మొదలయ్యాయి. పది గంటల మీటింగుకు బడ్స్ చెవిలో పెట్టుకున్నాను. “కనెక్టెడ్” అని ఒక ఆడగొంతు పలికింది. ఆ వెంటనే ఎవరో సారు గట్టిగా “కాబట్టి లెంజ్ నియమం ప్రకారం ప్రేరిత విద్యుత్ ప్రవాహం...” అని అందుకున్నాడు. హాల్లోంచి పాప “నాన్నా, నా సౌండ్ పోయింది!” అని కేక. కనెక్టెడ్ అని చెప్పే ఆ గొంతు, దేనికి కనెక్ట్ అయ్యిందో ఒక్క ముక్క చెబితే ఎంత బాగుండేది! ఇన్ని వేలమంది ఇంజనీర్లు పని చేసే రంగంలో ఈ చిన్న విషయం ఎవరికీ ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు.

మామూలుగా బడ్స్ డబ్బీలోంచి బయటికి రాగానే చివరిసారి ఎవరితో ఉన్నాయో వాళ్లను వెతుక్కుంటాయి. వాళ్లు పలకకపోతే జాబితాలో ఆ ముందున్నవాళ్లను. రాత్రి పాప వాడి పెట్టేసింది కాబట్టి పొద్దున డెస్క్‌టాప్ దగ్గరికే పోయాయి. పోనీ రెండింటికి ఒకేసారి కలిసే మల్టీపాయింట్ ఉంది కదా అని కంపెనీ యాప్‌లో దాన్ని ఆన్ చేశాను. ఫోను, ల్యాప్‌టాప్ రెండూ కలిశాయి. ఫోనొస్తే మీటింగులోంచే ఎత్తొచ్చు, హాయి. కాకపోతే ఫోనులో ఏ వీడియో తనంతట తాను మొదలైనా మీటింగు గొంతుని తోసేసి అదే చెవిలోకి దూరుతుంది. ఫోను బ్లూటూత్ సెట్టింగ్స్‌లో బడ్స్ పేరు పక్కన ఉన్న చక్రం నొక్కితే ‘ఫోన్ కాల్స్’, ‘మీడియా ఆడియో’ అని రెండు మీటలుంటాయి. మీడియా ఆపి, కాల్స్ మాత్రం ఉంచాను. పాటలు వినాలనుకున్నప్పుడు మళ్లీ వేసుకుంటే సరి.

అసలు తిప్పలు పెట్టింది రీసెట్. ఒకరోజు ఎడమ బడ్ మూగబోయింది. రెండు బడ్స్ మధ్య పొత్తు చెడినప్పుడు ఇలా జరుగుతుంది. ముందు చార్జింగ్ పిన్నుల మీద గులిమి, దుమ్ము పేరుకుందేమో చూడాలి, పొడి దూదితో తుడవాలి. మాకు తుడిస్తే పని కాలేదు. డబ్బీలో పెట్టి బొత్తాన్ని పది సెకన్ల పైన పట్టుకుంటే లైటు ఎర్రగా మెరిసి రీసెట్ అయింది. ఎడమది పలికింది. అయితే ఇప్పుడు ల్యాప్‌టాప్‌కు కలవవు! తెర మీద ‘పెయిర్డ్’ అని చక్కగా రాసి ఉంది. కనెక్ట్ నొక్కితే తిరిగి తిరిగి ఆగిపోతుంది. ఫోనుదీ అదే పరిస్థితి.

జరిగిందేమిటంటే, మొదటిసారి జత కలిసినప్పుడు రెండు వైపులా ఒకే రహస్య తాళంచెవి తయారై, చెరొక దగ్గర భద్రంగా ఉంటుంది. తర్వాత కలిసిన ప్రతిసారీ దాన్ని సరిచూసుకుంటాయి. రీసెట్ చేస్తే బడ్స్ తమ దగ్గరున్న తాళంచెవులన్నీ పారేస్తాయి. ల్యాప్‌టాప్‌కు ఆ సంగతి తెలియదు, పాతదే పట్టుకుని పిలుస్తూ ఉంటుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌లో ‘రిమూవ్ డివైస్’, ఫోనులో ‘ఫర్గెట్’ నొక్కి, ఇటువైపు కూడా పూర్తిగా మరిచిపోయేట్టు చేసి, కొత్తగా మళ్లీ జత కలపాలి. బడ్స్ కలవడం లేదని మొత్తుకునే కేసుల్లో సగానికి సగం ఇదేనని నా అంచనా. పెయిర్ అని కాసేపు, కనెక్ట్ అని కాసేపు నొక్కుతూ కూర్చోవడం కంటే రెండు వైపులా చెరిపేసి మొదలుపెట్టడం నయం. అప్పట్నుంచి ఎవరు ఏ సమస్య చెప్పినా ముందు ఫర్గెట్ చేయమనే చెబుతున్నాను.

ఇక టీవీ. పాప పరీక్షలు దగ్గరపడ్డాయి, అమ్మ సీరియళ్లు ఆగవు. మాది స్మార్ట్ టీవీయే గానీ పాతది, దానికి బ్లూటూత్ హెడ్‌ఫోన్ కలిపే వీలు లేదు. ఆండ్రాయిడ్ టీవీ అయ్యుంటే సెట్టింగ్స్‌లో ‘రిమోట్స్ అండ్ యాక్సెసరీస్’లోకి వెళ్లి ఫోనులాగే కలిపేసేవాణ్ని. లేదు కాబట్టి టీవీ ధ్వనిని బ్లూటూత్‌లో పంపే ట్రాన్స్‌మిటర్ అనే చిన్న పెట్టె తెప్పించాను. టీవీ వెనక హెడ్‌ఫోన్ రంధ్రం లేదు, ధ్వనిని ఎర్ర వెలుతురుగా పంపే ఆప్టికల్ అవుట్ ఉంది. దానికి తగిలిస్తే చప్పుడే లేదు. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో ‘ఆటో’లో ఉంటే టీవీ ధ్వనిని డాల్బీ పద్ధతిలో కుదించి పంపిస్తుంది. ఆ చిన్న పెట్టెకు డాల్బీ అర్థం కాదు. ‘పీసీఎం’కు, అంటే కుదించని మామూలు ధ్వనికి మార్చగానే పలికింది.

ట్రాన్స్‌మిటర్‌కు తెర ఉండదు, జాబితా చూపించదు. దాని బొత్తం నొక్కి పట్టుకుంటే, ఆ క్షణంలో తలుపు తీసి ఉన్న మొదటి బడ్స్‌ని పట్టేసుకుంటుంది. అందుకని ఇంట్లో మిగతా అన్నింటిలో బ్లూటూత్ ఆపించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి కలిపాను. అమ్మ చెవిలో పెట్టుకుని ఓ నిమిషం చూసింది.

“మాట వస్తాంది గానీ, ఆ యమ్మ నోరు మూసినంక వస్తాంది కదప్పా!”

కరెక్టే. మాటను కుదించి, గాల్లోకి పంపి, బడ్స్‌లో విప్పేసరికి సెకనులో ఐదో వంతు దాకా పోతుంది. ఫోనులో వీడియో యాప్‌లు ఆ ఆలస్యాన్ని లెక్కేసుకుని బొమ్మను కూడా కాస్త ఆపి చూపిస్తాయి, అందుకే అక్కడ తెలియదు. మా టీవీ ఆ పని చేయదు. దాని ‘ఆడియో డిలే’ సెట్టింగ్ మాటను ఇంకా వెనక్కి నెట్టగలదు గానీ ముందుకు లాగలేదు. ట్రాన్స్‌మిటర్ డబ్బా మీద ‘ఏపీటీఎక్స్ లో-లేటెన్సీ’ (ఆలస్యం తక్కువగా ఉండే కుదింపు పద్ధతి) అని గొప్పగా రాసి ఉంది. అది రెండు వైపులా ఉంటేనే పని చేస్తుంది. నా బడ్స్‌కు ఎస్‌బీసీ, ఏఏసీ అనే వేరే పద్ధతులు మాత్రమే వచ్చు. ఎస్‌బీసీ అంటే ప్రతి బ్లూటూత్ పాటల పరికరానికీ తప్పనిసరిగా ఉండే కనీస పద్ధతి, కాబట్టి రెండూ దాంతోనే సర్దుకున్నాయి. బడ్స్‌లోని గేమ్ మోడ్ వేస్తే ఆలస్యం కొంత తగ్గింది. అమ్మ కూడా కొంత సర్దుకుంది.

సర్దుకోనిది మల్టీపాయింట్. దాన్ని ఆపేయకుండా, ఫోను బ్లూటూత్ మళ్లీ ఆన్ చేసి ఉన్నప్పుడు ఒక సాయంత్రం బడ్స్ అమ్మ దగ్గరున్నాయి. మా మేనేజరు ఫోను చేశాడు. రింగు అమ్మ చెవిలో మోగింది. సౌండ్ తగ్గించాలని ఆమె బడ్ మీద వేలు పెట్టింది, ఫోను ఎత్తినట్టయింది. మా మేనేజరు కన్నడం మనిషి. అమ్మ పుట్టిల్లు మడకశిర వైపు, ఆమెకు కన్నడం తెలుగంత బాగా వచ్చు. “యారప్పా నీను?” (ఎవరప్పా నువ్వు?) అని మొదలై, నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆయనకు ఇద్దరు పిల్లలనీ, పెద్దవాడికి జలుబనీ తేలిపోయింది. ఆ తర్వాత అమ్మకు బడ్స్ ఇచ్చే ముందు నా ఫోను బ్లూటూత్ ఆపడం అలవాటు చేసుకున్నాను.

నాయన పని అన్నిటికంటే త్వరగా తేలింది. ఆయనది కీప్యాడ్ ఫోను. బ్లూటూత్ ఉంది, బడ్స్ పేరు చూపించింది, కోడ్ అడిగింది. 0000 కొడితే కలిసింది. 2007లో వచ్చిన బ్లూటూత్ 2.1 వెర్షన్ నుంచి ఈ కోడ్ అవసరం లేకుండా పోయింది గానీ, పాత తరహా ఫోన్లలో ఇంకా అడుగుతుంటాయి. కాల్స్ వచ్చాయి, మెమరీ కార్డులోని పాటలు వచ్చాయి. నాయనకు కావలసిందేమో అనంతపురం ఆకాశవాణి. ఎఫ్ఎం తెరిస్తే ఇయర్‌ఫోన్ పెట్టమంటుంది. ఆ వైరే దానికి ఏరియల్. ఎఫ్ఎం తరంగం పొడవు సుమారు 3 మీటర్లు, దాన్ని పట్టాలంటే పొడవాటి తీగ ఉండాలి. బ్లూటూత్ తరంగం 12 సెంటీమీటర్ల పైచిలుకే కాబట్టి దాని ఏరియల్ బడ్‌లో ఇమిడిపోతుంది. ఇదంతా నాయనకు చెబితే, “అయితే ఆ వైరుదే తెచ్చీ” అన్నాడు. టవర్ క్లాక్ దగ్గర నూరు రూపాయలకు దొరికింది.

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. బడ్స్ నావి, ఫోనుకు ల్యాప్‌టాప్‌కు మాత్రమే. మిగతా అన్నిచోట్లా ఫర్గెట్ చేసేశాను. పాప తనే అడిగి వైరున్న హెడ్‌ఫోన్ కొనిపించుకుంది. చార్జింగ్ గోల లేదు, ఆలస్యం లేదు, పక్కవాళ్ల ఫోను దూరదు, చదువుకునే పిల్లలకు అదే మేలని నేనూ అంటాను. డాంగిల్‌కు ఇప్పుడు కీబోర్డు, మౌస్ కలిపాం. అమ్మకు ట్రాన్స్‌మిటర్‌లో ఉన్న ‘లో-లేటెన్సీ’ పద్ధతే ఉన్న, చెవుల మీద కూర్చునే హెడ్‌ఫోన్ కొన్నాను. దాన్ని ఆ ఒక్కదానికి తప్ప దేనికీ కలపలేదు, కలపనివ్వను కూడా. ట్రాన్స్‌మిటర్‌కు కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచే వస్తుంది, టీవీ వేయగానే అదీ లేస్తుంది, అమ్మ హెడ్‌ఫోన్ బొత్తం నొక్కితే కలిసిపోతుంది. ఆప్టికల్ దారిలో టీవీ రిమోట్‌తో సౌండ్ పెరగదు, తగ్గదు. హెడ్‌ఫోన్ మీదున్న బొత్తాలతోనే మార్చుకోవాలి. ఏది ఎక్కువో ఏది తక్కువో తడిమి తెలుసుకునేలా ‘ఎక్కువ’ బొత్తం మీద పాప ఒక బొట్టుబిళ్ల అంటించింది. కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం ఒక్కోసారి మొండికేస్తుంది. ట్రాన్స్‌మిటర్ వైరు పీకి మళ్లీ పెడితే దారికొస్తుంది.